కందూరులో డప్పు

జాన్‌పహాడ్ సైదులు దర్గా కాడ కందూరు చేస్తాం. చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద యాటకూర, పక్కన డప్పు. జనవరిలో ఉర్సుకు హిందువులూ వచ్చి మొక్కు తీర్చుకుంటారు. పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకుంటారు.

డప్పు మోగితే మా కాళ్లు ఆగవు. పాటా వాద్యం ఇస్లాం కాదని మాలోనే కొందరంటారు. అసలు మేము ఈ నేలవాళ్లమే కాదని బయట కొందరంటారు. ఇద్దరికీ మా జవాబు ఆ డప్పే. అది అరబ్బు దేశం నుంచి రాలేదు. మాదిగ చేతుల్లోంచి వచ్చింది. మా పీర్ల ముందు మోగింది అదే.

మరి డప్పు కొట్టినాయన ఎక్కడ కూచొని తిన్నాడు? చాలాసార్లు అందరం లేచినాక, దూరంగా, ఒక్కడే.

నమాజులో అందరం ఒక్క వరుసలో నిలబడతామని గొప్పగా చెప్పుకుంటాం. ముస్లింలకు ఇల్లు కిరాయికివ్వమన్నవాణ్ణి నిలదీస్తాం. ఆ దూరం మాత్రం మాకు కనబడలేదు. చప్పుడు మాది, మనిషి పరాయి అంటే మాకూ మమ్మల్ని వెలేసినవాడికీ తేడా ఏముంది? మమ్మల్ని పక్కన కూచోబెట్టుకోమని అడిగే హక్కు మాకెక్కడిది?

వచ్చే కందూరులో మొదటి విస్తరి ఆయనకే వెయ్యాలి. ఆయన పక్కన మేం కూచోవాలి.