సహనం అంటే హక్కు వదులుకోవడమా?

సహనం విశ్వాసికి ఆభరణమని చిన్ననాటి నుంచీ వింటూ వస్తున్నాము. అయితే సహనం గురించి చెప్పేటప్పుడు మనం ఎక్కువగా రోగం, మరణం, కరవు వంటివే ఉదాహరణలుగా తీసుకుంటాము. అవి దైవం తరఫు నుంచి వచ్చే పరీక్షలు. వాటి ముందు తలవంచడం తప్ప దాసుడు చేయగలిగింది లేదు. మరి సాటి మనిషి మనకు ఇవ్వవలసింది ఇవ్వకుండా తిప్పుకుంటున్నప్పుడు సంగతేమిటి? అక్కడ కూడా నోరు మూసుకుని ఉండడమే సహనమా?

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళలోకి కారు రూపంలో కూడా వస్తున్నది. వడ్డీ అప్పు జోలికి పోకూడదని ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టి కొత్త కారు కొన్నదనుకుందాం. నాలుగు నెలలు తిరగకుండానే, ఇంజను వేడెక్కాక నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలవుతుంది. డీలరు సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, కోడ్ ఏమీ రాలేదు, శుభ్రం చేశాము, ఇక ఇబ్బంది ఉండదు అంటారు. వారానికే మళ్ళీ ఆగుతుంది. రెండోసారి ఒక సెన్సార్ మారుస్తారు. మూడోసారి సాఫ్ట్‌వేర్ కొత్తది వేశామంటారు. నాలుగోసారి విడిభాగం రావాలంటారు. అయిదోసారి మీరు నడిపే పద్ధతిలోనే ఏదో ఉందంటారు. వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు పని పోతుంది. పిల్లలను ఎక్కించుకోవాలంటే తల్లికి భయం.

న్యాయం రెండు వైపులా చూడాలి. ఇలా వచ్చి పోయే లోపాన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. బండి సర్వీస్ సెంటర్ చేరి, వంతు వచ్చేసరికి ఇంజను చల్లారిపోతుంది. చల్లారిన ఇంజనులో జబ్బు కనబడదు. పైగా వారంటీ పనికి కంపెనీ డీలరుకు ఇచ్చే కూలీ సాధారణంగా ముందే లెక్కగట్టి ఉంటుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి పట్టే గంటలకు ఆ లెక్కలో చోటు తక్కువ. కనుక దొరకలేదనడం తప్పు కాదు. దొరకకుండానే బాగు చేశామని చెప్పి తాళం చేతిలో పెట్టడం తప్పు. మొదటిది మనిషి అశక్తత, రెండోది అబద్ధపు సాక్ష్యం. మాకు అంతుబట్టలేదు, రెండు రోజులు బండి ఉంచండి, వేడెక్కేదాకా మేమే నడిపి చూస్తాము అని ఒక్క మాట అంటే కొన్నవాని కోపం సగం చల్లారుతుంది.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందన్నాడు అమ్మేవాడు. ఆ తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు తన వాడు కాడన్నారు. గమనించండి, వాన పడడం ఆ వర్తకుని నేరం కాదు. తడిని కింద దాచడమే నేరం.

ఇక కొన్నవాని సంగతి. హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపిన ఒక సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రవక్త (స) ఒక వ్యక్తికి ఒంటె బాకీ ఉన్నారు. అతను వచ్చి కటువుగా అడిగాడు. సహచరులకు కోపం వచ్చి అతని మీదికి పోబోయారు. ప్రవక్త (స) వారిని ఆపి, హక్కు ఉన్నవానికి మాట్లాడే అధికారం ఉంటుందని నచ్చజెప్పారు. ఆ తర్వాత అతనికి రావలసిన దానికంటే మంచి ఒంటెనే ఇప్పించారు. అడిగినవాడు మర్యాద తప్పాడు, అయినా అతని హక్కు రద్దు కాలేదు! కనుక అయిదోసారి గొంతు పెంచిన మనిషితో సబర్ చేయండి భాయ్ అనే పెద్దలు కాస్త ఆలోచించాలి. ఆ సలహా ముందు బాకీ ఉన్నవానికి ఇవ్వవలసింది.

అయితే మాట్లాడే అధికారం ఎవరి మీద? కౌంటర్ దగ్గర జాబ్ కార్డు రాసే కుర్రవాడు ఆ లోపాన్ని తయారు చేయలేదు, దాన్ని తీర్చే అధికారమూ అతనికి లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ షెడ్లలోనైనా బండి కింద పడుకుని పని చేసేవారిలో మన ఇళ్ళ బిడ్డలు ఎందరో ఉన్నారు. అప్పులూ లావాదేవీలూ రాసుకోమని చెప్పిన బఖరా సూరా ఆయత్, రాయడానికి విసుగు చెందవద్దనడంతో ఆగలేదు. రాసేవానికీ సాక్షికీ హాని చేయరాదని కూడా చెప్పింది. మనకు ఇందులో రెండు పనులున్నాయి. జాబ్ కార్డులో మన ఫిర్యాదు మన మాటల్లోనే రాయించాలి. "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోరాదు. ఆ రాసే కుర్రవానిని మాత్రం తిట్టరాదు.

విశ్వాసి ఒకే బొరియ నుంచి రెండుసార్లు కాటు తినడని హదీసు. మరి ఎన్నిసార్లు అవకాశం ఇవ్వాలి? అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లో దీనికి ఒక లెక్క కట్టింది. కొత్త కారులో అదే లోపాన్ని నాలుగుసార్లు సరిచేయబోయినా పోకపోతే, లేదా బండి మొత్తం 30 రోజులు మరమ్మతులోనే ఉండిపోతే, తగినన్ని అవకాశాలు ఇచ్చినట్లే. ఇక కంపెనీ వేరే కారైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. మన దేశంలో అలాంటి లెక్క చట్టంలో లేదు. అయినా దారి లేకపోలేదు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ళ లోపు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. కోర్టు మెట్లెక్కడం మర్యాదస్తుల పని కాదనే భావన మనలో పాతుకుపోయింది. ఖాజీ ముందు నిలబడడం ఏ కాలంలో తప్పయింది?

ఇవేవీ ఎందుకని విసిగిపోయినవారు చివరికి ఒక తేలిక దారి ఎంచుకుంటారు. కారు కడిగించి, పాలిష్ పెట్టించి, ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూపించి, ఎవరికో ఒకరికి అమ్మేస్తారు. నన్ను మోసం చేశారు, నేనేం చేయను అంటారు. మోసపోయినవాని హక్కు మోసగించినవాని మీదనే ఉంటుంది. కొనడానికి వచ్చిన మూడో మనిషి మనకు ఏమీ బాకీ లేడు. బహుశా అతనూ పైసా పైసా కూడబెట్టుకునే వచ్చి ఉంటాడు. లోపం చెప్పకుండా లోపమున్న సరకు అమ్మడం ముస్లిముకు ధర్మసమ్మతం కాదు. బండి వేడెక్కేదాకా అతన్నే నడపనివ్వాలి, ఆ అయిదు జాబ్ కార్డులూ అతని చేతిలో పెట్టాలి. ధర తగ్గుతుంది. తగ్గనివ్వండి.