చీటీ రాసిన చేయి

మా మేనమామ కొడుకు బైబిలు కళాశాలలో చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చి, "బావా, పది పేజీల వ్యాసం ఇవ్వాలి. నువ్వు టీచరువి కదా, రాసిపెట్టు" అన్నాడు. కుదరదన్నాను. "మన డోలీలు తాతలు పాడిందే పాడతారు, వాళ్లను ఎవరూ దొంగలనరే!" అని నవ్వాడు. అప్పటికి నాకు జవాబు తోచలేదు.

మన డోలీ పడిగె ముందు నిలబడి గోత్రకథ చెప్పేటప్పుడు అది తన సొంతమనడు. పెద్దల దగ్గర విన్నదని అందరికీ తెలుసు. పైగా ఏళ్ల తరబడి నేర్చి నోటికి తెచ్చుకుంటాడు. చీటీ పెట్టి రాసేవాడు పరాయి మాటను తనదంటాడు, దాన్ని నేర్చుకోనూ నేర్చుకోడు.

పెద్దవాళ్లూ ఈ తప్పు చేశారు. పాస్టరు చదువు చదివిన మార్టిన్ లూథర్ కింగ్‌కు 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయం దైవశాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది. ఆయన సిద్ధాంత గ్రంథంలో కొన్ని భాగాలు, మూడేళ్ల ముందు అక్కడే మరో విద్యార్థి రాసిన గ్రంథం నుంచి సరిగా చెప్పకుండా తీసుకున్నవని 1990లో బయటపడింది. మరుసటి ఏడు విశ్వవిద్యాలయం వేసిన సంఘం అది నిజమేనని తేల్చింది. డిగ్రీ మాత్రం వెనక్కి తీసుకోలేదు, గ్రంథాలయంలోని ప్రతికి ఒక లేఖ జతచేశారు. నాకది సబబే అనిపిస్తుంది. ఆయన జైలుకు వెళ్లింది ఎవరినీ చూసి రాసింది కాదు. అయినా ఆ లేఖ అక్కడ ఉండాల్సిందే. ఆ మాటలు మొదట కష్టపడి రాసినవాడు ఒకడున్నాడు మరి.

"కింగ్ గారే చేశారు కదా" అంటాడేమో మా బావమరిది. అందుకే అతనికి నా సంగతి చెప్పాను. ఉపాధ్యాయ శిక్షణలో మనోవిజ్ఞానం పరీక్ష నేను చీటీలతోనే పాసయ్యాను. హాలులో అందరూ అదే పని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒకటో తరగతిలో ఒక పిల్ల ఏం అడిగినా పలికేది కాదు. మొద్దు అనుకుని వెనక కూర్చోబెట్టాను. ఏడాది తిరక్కుండా బడి మానేసింది. ఆ పిల్లకు చెవులు సరిగా వినపడవని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. వినికిడి లోపాన్ని ఎలా గుర్తుపట్టాలన్నది నేను చీటీలో రాసుకెళ్లిన పాఠంలోనే ఉంది. చేత్తో రాశాను, తలకెక్కలేదు.

రేపు ఇతను ఏదో గూడెంలో పాస్టరవుతాడు. జ్వరంతో ఉన్న బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవాలా, ప్రార్థన చాలా అని ఒక తల్లి అడుగుతుంది. ఆయన మాటను పుస్తకం తీసి సరిచూసేవాళ్లు అక్కడ ఉండరు.

ఆ రాత్రి అతనేమీ మాట్లాడలేదు. పొద్దున్నే కాగితాలు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రానికి మూడు పేజీలయ్యాయి. తప్పులున్నాయి. అడిగినచోట చెప్పాను, కలం మాత్రం ముట్టుకోలేదు.