బాలక్రీడలు – లోకవ్యవహారములు

ఆట బాలునకు తొలి గురువు. బడికి పోకముందే గెలుపోటములను, న్యాయాన్యాయములను బాలుడు ఆటయందే తెలిసికొనును. నేడు ఆ గురువు చాలవరకు చేతిలోని ఫోనులో చేరినాడు. డిచ్‌పల్లి మొదలు బోధను వరకు గల పల్లెలలో సైతము బడి విడిచిన పిల్లలు వీడియో ఆటలలో మునుగుచున్నారు. ఈ ఆటలలో రాజకీయములు, యుద్ధము, కరవు, కులవివక్ష మొదలగు నిజలోక విషయములకు చోటుండవచ్చునా, లేక ఆట కేవలము వినోదముగనే నిలువవలెనా అన్నది పెద్దలు ఆలోచింపవలసిన ధర్మసందేహము.

చోటుండరాదనువారి మాట తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. పెద్దల కలహములను పసివారి తలపై మోపుట న్యాయము కాదని వారందురు. వారి వాదములో ఇంతకంటె బలమైన అంశము వేరొకటి కలదు. ఉపన్యాసకుని మాటకు శ్రోత ఎదురు చెప్పవచ్చును. ఆటలోని నియమమునకు ఎదురు చెప్పుట కుదరదు. నియమమును అంగీకరింపనివానికి ఆటయే లేదు. కనుక ఆటను నిర్మించినవాడు తన పక్షమును నియమముల చాటున దాచి పసిమనసులలో నాటగలడు.

అయినను, లోకవ్యవహారము సోకని ఆట ఎక్కడ కలదు? మన పూర్వులు ఆడిన వైకుంఠపాళిలో నిచ్చెనల మొదట సద్గుణములును, పాముల తలలపై దుర్గుణములును వ్రాయబడి యుండెను. అది నీతిపాఠమే. కాని అందొక లోపము కలదు. నిచ్చెన యెక్కుటయు, పామునోట పడుటయు పాచికల వలననే గాని ఆడువాని ఎంపిక వలన కాదు. అందుచే బాలునకు గుణముల పేర్లు తెలియును గాని, వానిని ఎన్నుకొను వివేకము అలవడదు.

ఇండ్లలో పిల్లలు కాగితపు నోట్లతో ఆడు వ్యాపారపు ఆట చరిత్ర ఇంకను విచిత్రమైనది. దాని మూలరూపమునకు 1904లో అమెరికాలో ఎలిజబెత్ మేగీ అను స్త్రీ పేటెంటు పొందెను. భూమి కొద్దిమంది చేతులలో చేరినచో తక్కినవారు ఎట్లు దివాలా తీయుదురో చూపుటయే ఆమె ఉద్దేశము. 1935 నుండి ‘మోనోపలీ’ అను పేర అది లోకమంతట అమ్ముడుపోయినప్పుడు ఆ హెచ్చరిక మరుగునపడినది. ఎదుటివానిని దివాలా తీయించుటయే ఆనందముగా మిగిలినది. సదుద్దేశమొక్కటే చాలదనియు, ఆటలో ఏది గెలుపుగా ఎంచబడునో అదియే పాఠమగుననియు దీనివలన తెలియుచున్నది.

మౌనముగా నుండు ఆట కూడ బోధించుచునే యుండును. ఫోనులోని వ్యవసాయపు ఆటలలో విత్తనము నాటిన కొన్ని నిమిషములకే పంట చేతికి వచ్చును, వెంటనే నాణెములు రాలును. బోధను ప్రాంతపు చెరకు రైతు కథ అట్టిది కాదు. నరికిన చెరకును త్వరగా గానుగ ఆడనిచో దానిలోని చక్కెర తగ్గును. కావున సమీపమున ఫ్యాక్టరీ నడచుటయే రైతునకు ఆధారము. నిజాము కాలమున నెలకొల్పబడిన బోధను చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. పంట పండించుట ఒకటి, దానిని అమ్ముకొనగలుగుట మరియొకటి. ఈ భేదమును ఎరుగని ఆట నిష్పక్షమైనదని చెప్పుట ఎట్లు? నష్టపోయిన రైతు సోమరియై యుండునని తలచు బుద్ధిని అది తెలియకయే పెంచుచున్నది.

పిల్లలకు చెప్పరాదని పెద్దలు దాచిన విషయము ఏమగునో తెలిసికొనుటకు డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాల యొక్కటి చాలును. వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో ఆరంభించిన ఆ సంస్థ రోగులకు ఆశ్రయమైనది. 1980ల నుండి బహుళౌషధ చికిత్సచే ఆ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. అయినను భర్తకో భార్యకో కుష్ఠు సోకినదను కారణముపై విడాకులు కోరుటకు 2019 వరకు మన చట్టములలో వీలుండెను. మందు వచ్చినను భయము పోలేదు. పెద్దల గుసగుసలు, మౌనము ఆ భయమును తరతరములకు అందించినవి. వ్యాధిని గూర్చిన ఒక చిన్న ఆటను నిర్మించినను, ఆ చట్టము ప్రసక్తి రాక తప్పదు. అట్లైన ఆరోగ్యపాఠము ఎక్కడ ముగియును, రాజకీయము ఎక్కడ ఆరంభమగును?

మంచి మార్గములు లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమము 2005లో వెలువరించిన ‘ఫుడ్ ఫోర్స్’ అను ఆటలో కరవు ప్రాంతమునకు ధాన్యము చేర్చుటయే పని. ఉరుగ్వే దేశీయుడు గొంజాలో ఫ్రాస్కా 2003లో నిర్మించిన వేరొక ఆటలో ఉగ్రవాదిపై క్షిపణి వేసినచో నిరపరాధులును మరణింతురు. వారికై విలపించినవారు కొందరు తామే ఉగ్రవాదులగుదురు. అందు గెలుపు లేదు. చేసిన పనికి ఫలితము మాత్రము కనబడును. ఆ ఫలితము నిజమా యని ఆడువాడు తర్కింపవచ్చును.

ఈ తర్కమునకు అవకాశముండుటయే ముఖ్యము. కల్యాణ నగరపు అనుభవ మంటపమున అక్కమహాదేవి వంటి శరణురాలిని సైతము అల్లమప్రభువు ప్రశ్నించెననియు, ఆమె నిర్భయముగా బదులిచ్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ప్రశ్నకు నిలిచిన జ్ఞానమే అచట ఆదరము పొందినది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున అధికారియై యుండియే కులభేదములను ఎదిరించెను; ధర్మమును లోకవ్యవహారము నుండి వేరుచేయలేదు.

కాబట్టి పిల్లల ఆటలలో లోకవిషయములుండుట దోషము కాదు. అవి ఉండు తీరును బట్టియే గుణదోషములను నిర్ణయింపవలెను. ఒక పార్టీని గెలిపించుటయు, ఒక కులమునో మతమునో శత్రువుగా చూపుటయు ఆట పని కారాదు. రక్తపాతము పసివారి వయస్సునకు తగదు. ఆట కారణమును, ఫలితమును చూపి తీర్పును బాలునకు విడువవలెను. తక్కిన భారము తల్లిదండ్రులది. ఫోనును లాగుకొనుట సులభమే, ప్రక్కన కూర్చుండి, “ఈ ఆటలో ఎవరు గెలిచిరి? ఎవరి సొమ్ముతో గెలిచిరి? ఇందు కనబడనివారెవరు?” అని అడుగుటకు ఓపిక కావలెను. ఆ ప్రశ్నలకు అలవాటుపడిన బాలుని ఏ ఆటయు మోసగింపలేదు. పెద్దవాడైన పిమ్మట ఏ నాయకుడును సులభముగా మోసగింపలేడు.