నాయినమ్మ మోసిన గంప

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 26:1–11



మెదకు పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున, నాగ్సానిపల్లి గ్రామమునొద్ద, మంజీర నది ఏడు పాయలుగా చీలి, బండల నడుమ పారి, మరల ఒక్కటియగుచున్నది. అందుచేతనే ఆ స్థలమునకు ఏడుపాయల అని పేరు వచ్చినది. అచ్చటి వనదుర్గ ఆలయమునకు శివరాత్రి జాతరలో లెక్కకు మించిన జనులు వత్తురు. తక్కిన దినములలో నీటి చప్పుడే ఎక్కువ. ఆ ఒడ్డున ఒక బండమీద, వారమునకు రెండు మూడు ఉదయములు, ఒక పెద్దమనిషి కూర్చుండును. ఆయన మన సంఘస్థుడు. ఆయన సమ్మతితో, పేరు చెప్పక, ఆయన సంగతిని ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను. ఇందులో మనకందరికి అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది.

ఆయన నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసి, 2013లో పింఛను పుచ్చుకొనిరి. ఏడుపాయలకు ఎగువనున్న ఘనపురము ఆనకట్ట నిజాము కాలములో, 1905లో, కట్టబడినది. దాని నుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువలు పొలములకు పోవుచున్నవి. ఏ కాలువకు ఏనాడు ఎంత నీరు వదలిరో ఖాతాలో వ్రాసి పెట్టుటయే ఆయన పని. ఇప్పుడును తెల్లవారుజామున నాలుగు గంటలకే మెలకువ వచ్చునట. వేపపుల్లతో పండ్లు తోముకొని, చాయ తాగి, కాలువ గట్టు పట్టుకొని నడిచి, నీటిమట్టము చూచి, మనస్సులోనే లెక్క వేసికొందురు. ఆ లెక్క అడుగువారెవరును లేరు. తిరిగి వచ్చి, చెట్టుక్రింది హోటలులో పత్రిక చదివి, పది గంటలకు ఇల్లు చేరుదురు. అటుపిమ్మట దినమంతయు పొడుగే. కుమారుడు హైదరాబాదులో నున్నాడు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఫోను చేయును.

ఒకనాడు నేను పలుకరింపబోగా, "అయ్యగారూ, పని లేని మనిషి నీళ్లు లేని కాలువ అసొంటోడు. ఉన్నడంటే ఉన్నడు. ఎవలకేం ఫాయిదా?" అనిరి. నేను ఓదార్పు మాటలేవో చెప్పితిని. అవి ఆయనకు తగులలేదని ముఖము చూచియే తెలిసికొంటిని.

కొన్ని నెలల తరువాత ఆయనే మా యింటికి వచ్చిరి. వేసవి సెలవులకు మనుమడు వచ్చియుండెను. ఆరవ తరగతి చదువు పిల్లవాడు. వానిని మెదకు దేవాలయము చూపుటకు తీసికొనిపోయిరట. నూట డెబ్బది అయిదు అడుగుల ఆ గోపురమును మెడ వెనుకకు వంచి చూచి, "తాతా, ఇది ఎవరు కట్టిన్రు?" అని పిల్లవాడు అడిగెను. "పాస్నెట్ దొర కట్టిచ్చిండు" అని ఈయన చెప్పిరి. "మరి అప్పుడు మీ తాత ఏం చేస్తుండె?" అని వాడు మరల అడిగెను. "ఇక్కడనే మేస్త్రీ ఉండె" అని ఈయన బదులు చెప్పిరి.

"అది అబద్ధం అయ్యగారూ," అని ఆయన నాతో అనిరి. "మా తాత మేస్త్రీ కాదు. మట్టి మోసిండు. మా నాయినమ్మ గూడ మోసింది. ఆఫీసుల ముప్పయ్యేండ్లు ఇదే అబద్ధం చెప్పిన. పిల్లగానికి గూడ అదే నోట్లకెళ్లి వచ్చింది. రాత్రంత నిద్ర పట్టలే."

ప్రియులారా, ఆ దేవాలయపు చరిత్ర మీరెరిగినదే. మొదటి ప్రపంచయుద్ధ కాలములోను, దాని తరువాతను, వానలు లేక ఈ సీమలో కరవు పుట్టెను. మెతుకుసీమ యని పేరుగల దేశములోనే మెతుకు కరవాయెను. వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు, ఆకలిగొన్నవారికి ఊరక దానము చేయుటకు మారుగా, దేవాలయ నిర్మాణములో పని యిచ్చి కడుపు నింపిరి. 1924 డిసెంబరు 25న ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. ఆ పనికి వచ్చిన వేలమందిలో ఈయన తాతయు నాయినమ్మయు ఉండిరి. వారు మెదకు చేరకమునుపే వారి మొదటి బిడ్డ ఆకలిచేత త్రోవలో చనిపోయెనట. చంకలో రెండవ బిడ్డ. ఆమె తలమీద గంపతో మట్టి మోసెను. సాయంకాలము అందిన గింజలు దంచి కాచిన గట్క తాగిన తరువాతనే ఆమె రొమ్మున పాలు పడినవి. ఆ పాలు తాగి బ్రదికిన బిడ్డయే ఈయన తండ్రి.

ఈయనకు ఊహ తెలియునాటికి ఆమె ముసలిది. చూపు మందగించియుండెను. పని చేయలేక గడపమీద కూర్చుండెడిది. మనుమలు అన్నము తినునప్పుడు క్రింద పడిన మెతుకులను చేతితో తడిమి, ఒక్కొక్కటే ఏరి, నోట వేసికొనెడిది. ప్రతి రాత్రి మనుమల పేర్లు ఒక్కటియు విడువక చెప్పి ప్రార్థించెడిది. క్రిస్మస్ ఆరాధనకు దేవాలయమునకు పోయినప్పుడెల్ల, కూర్చుండకమునుపు ఒక స్తంభము మొదట అరచేయి ఆనించి నిలువబడి, "కడుపు కోసమే వచ్చినం బిడ్డా. దేవుడు తర్వాత తెలిసిండు" అని పిల్లవానితో చెప్పెడిది.

1965 ప్రాంతమున, ఈయనకు పదియేండ్లప్పుడు, బడిలో తోటి పిల్లలు, మీరు గింజల కోసము మతములో కలిసినవారని వెక్కిరించిరి. ఇల్లు చేరి, ఏడ్చుచు, "నాయినమ్మా, ఆ ముచ్చట ఎవలకు చెప్పకు" అని కోపపడెను. ఆమె "సరే బిడ్డా" అనెను. ఆ తరువాత చనిపోవువరకు ఆ మాట ఎత్తలేదు. స్తంభమును ముట్టుట మాత్రము మానలేదు, ముట్టి ఊరకుండెను.

"నేను ఆమె నోరు మూసిన, అయ్యగారూ" అని చెప్పి ఆయన తల వంచుకొనిరి.

ఇక ప్రశ్నకు వత్తము. తండ్రిని తల్లిని సన్మానింపుమని ఆజ్ఞయున్నది. అది తాతకును అవ్వకును చెల్లును. అయితే సన్మానించుట యనగా నేమి? వారి లేమిని కప్పిపుచ్చి, గొప్పగా చెప్పుటయా? ఉన్నది ఉన్నట్లు చెప్పుటయా?

ఆయనే ఒక వాక్యమును జ్ఞాపకము చేసిరి. నోవహు కుమారులలో ఇద్దరు వెనుకకు నడిచి తండ్రి దిగంబరత్వమును కప్పిరి, దీవెన పొందిరి. పెద్దల తక్కువతనమును కప్పుటయే ధర్మము కాదా యని అడిగిరి. మంచి ప్రశ్నయే. కాని నోవహు విషయములో కప్పబడినది అతని తప్పు. మత్తులో అతడే తెచ్చుకొన్న అవమానము. పెద్దల తప్పులను నలుగురిలో చాటి నవ్వుట పాపమే. ఆకలి తప్పా? వాన రాకపోవుట ఆ దంపతుల నేరమా? తప్పు కానిదానిని మనము కప్పినప్పుడు, దానిని తప్పుగా తీర్పు తీర్చినవారమగుదుము. బడిపిల్లల వెక్కిరింతకు మనమును వంత పాడినట్లే.

మరియొక కష్టమైన వాక్యమును మనము తప్పించుకొనరాదు. యోహాను సువార్త ఆరవ అధ్యాయములో, రొట్టెలు తిని తృప్తిపొందినందుననే మీరు నన్ను వెదకుచున్నారని ప్రభువు జనులను గద్దించెను. అట్లయిన గింజల కొరకు వచ్చిన భక్తి యెట్టిది? ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. గద్దింపకమునుపు ఆయన వారికి కడుపునిండ పెట్టెను. చివరివరకును చదువుడి. ఆయన మాటలు విన్న తరువాత అనేకులు వెనుకతీసిరి. పరీక్ష అక్కడ నున్నది. మనిషి ఎందుకు వచ్చెననుటకంటె, గింజలు ఆగిన తరువాత నిలిచెనా యనునదే ప్రశ్న. 1924లో పని ముగిసెను, కూలి ఆగెను. ఆమె ఆగలేదు. నలువది యేండ్లు ఆ స్తంభమును ముట్టుచునే వచ్చెను. తప్పిపోయిన కుమారుని ఇంటివైపు త్రిప్పినదియు ఆకలియే. మొదట వాడు తలంచినది తండ్రి యింటి కూలివారికి దొరకు అన్నమును గూర్చియే. అయినను తండ్రి, నీవెందుకు వచ్చితివని వానిని అడుగలేదు. రూతు బేత్లెహేము పొలములలో పరిగె ఏరుకొనెను. ఆమె దావీదు తాతకు తల్లి. మత్తయి ప్రభువు వంశావళిని వ్రాయునప్పుడు ఆమె పేరు దాచలేదు.

మన ధ్యానభాగమును చూడుడి. ఇశ్రాయేలీయుడు ప్రథమఫలములను గంపలో పెట్టుకొని యాజకునియొద్దకు రావలెను. పొలము తనది, పంట తనది, గంప నిండుగా నున్నది. అప్పుడు వాని నోట రావలసిన మాట యేది? తన పితరుడు నశింపనైయున్న దేశదిమ్మరియని వాడు చెప్పవలెను. అది వాని యిష్టమునకు విడువబడలేదు, ఆజ్ఞాపింపబడినది. ఏలయనగా ఖాళీ గంపను మరచినవాడు నిండు గంపను తన సంపాదన యనుకొనును. నాయినమ్మ ఆకలిని దాచినవాడు ఆ ఆకలి తీర్చిన దేవునికి కృతజ్ఞత చెప్పు దారిని మూసికొనును.

ఆయనతో నేను మరియొక మాటయు చెప్పితిని. దానిని చెప్పుటకు నాకు ధైర్యము చాల సేపటికిగాని రాలేదు. "సారూ, మీ తాతను మేస్త్రీ చేసినది ఎందుకు? మట్టి మోసినవాని కంటె మేస్త్రీ ఎక్కువ అనుకొన్నందుకే గదా. మనిషి విలువ వాని కొలువులో నున్నదని మీరు పదియేండ్ల వయస్సున ఒక కొలబద్ద పట్టుకొంటిరి. దానితో నాయినమ్మను కొలిచితిరి. ఇప్పుడు మీ చేతిలో ఖాతా లేదు. అదే కొలబద్ద మిమ్మును కొలుచుచున్నది. నీళ్లు లేని కాలువ అని నాతో చెప్పినది అదే. కడపటి దినములలో ఆమెకు ఏ పని యుండెను? గడపమీద కూర్చుండి మెతుకులు ఏరుటయు, మీ పేర్లు చెప్పి ప్రార్థించుటయు. ఆమె వలన ఏమి ఫాయిదా అని మీకు ఏనాడైనను తోచెనా?"

ఆయన చాలసేపు మాటలాడలేదు. "తోచలే" అని మాత్రము అనిరి.

మనము ఏ కొలత కొలుచుదుమో ఆ కొలతయే మనకు కొలువబడునని ప్రభువు చెప్పిన మాట బెదిరింపు మాత్రమే కాదు. అది విడుదలకును దారి. పేద అవ్వను సిగ్గులేక ప్రేమించుట నేర్చినవాడు, పనిలేని తన ముసలితనమును సిగ్గులేక భరింప నేర్చును. ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము వచ్చినవానికిని నిండు కూలియే యిచ్చెను. ఆ నిండు కూలి వాని శ్రమకు తగినది కాదు. యజమానుని మంచితనమునకు తగినది.

గత క్రిస్మస్‌నాడు ఆయన మనుమని మరల మెదకు తీసికొనిపోయిరి. ఆరాధన తరువాత వానిని ఆ స్తంభమునొద్దకు పిలిచి, వేసవిలో తాను చెప్పినది అబద్ధమని ఒప్పుకొని, ఆకలియు, త్రోవలో పోయిన బిడ్డయు, గంపయు, గట్కయు, పాలు పడుటయు అంతయు చెప్పిరి. పిల్లవాడు వినెను. వెక్కిరింపలేదు. స్తంభముమీద చేయి పెట్టి, "తాతా, ఎన్ని గంపలు మోసింది?" అని అడిగెను.

ఆయనయొద్ద జవాబు లేదు. "నేను అడుగలేదు బిడ్డా" అనిరి. ఈ మాట నాతో చెప్పునప్పుడు ఆయన కన్నులు చెమ్మగిల్లినవి.

కాబట్టి ప్రియులారా, మీ యింట గడపమీద ముసలివారు ఇంకను కూర్చుండినయెడల, ఈ వారమే వారి ప్రక్కన కూర్చుండి అడుగుడి. వారు ఏమి తిని బ్రదికిరి, ఎవరిని పోగొట్టుకొనిరి, ఎక్కడ ప్రభువు వారికి తెలిసెను అని అడుగుడి. పింఛను పుచ్చుకొని, దినము పొడుగాయెనని మూలుగుచున్న పెద్దలారా, మీకును పని యున్నది. మీ మనుమలు ఎరుగని ఖాళీ గంప మీ జ్ఞాపకములో నున్నది. దానిని ఉన్నది ఉన్నట్లు వారి యెదుట దింపుడి.

ఆయన ఇప్పుడును ఏడుపాయలకు పోవుచున్నారు. నీటిమట్టము చూచుట మానలేదు. ఆదివారము ఫోనులో మనుమడు, "నాయినమ్మ ముచ్చట ఇంకోటి చెప్పు" అని అడుగునట. చెప్పుటకు వారమంతయు జ్ఞాపకము చేసికొనవలసి వచ్చుచున్నదని ఆయన అనుచున్నారు.

ఆకలిలో మా పితరులను ఎరిగి పోషించిన తండ్రీ, వారినిబట్టి సిగ్గుపడిన మా నోళ్లను క్షమించుము. నిజము చెప్పి నిన్ను స్తుతించు నోళ్లను మాకు దయచేయుము. ఆమేన్.