గాలికి హద్దురాయి లేదు

ధ్యాన వాక్యములు: నిర్గమకాండము 22:5, 6, ద్వితీయోపదేశకాండము 22:8, మత్తయి 18:15



మోషే ధర్మశాస్త్రము అనగానే మనకు పది ఆజ్ఞలును బలిపీఠమును జ్ఞాపకము వచ్చును. అయితే పది ఆజ్ఞలు ముగిసిన రెండు అధ్యాయములలోపలనే దేవుడు పొడిచే ఎద్దును గూర్చియు, మూత వేయని గోతిని గూర్చియు, పొరుగువాని చేను మేసిన పశువును గూర్చియు, పనలను కాల్చిన నిప్పును గూర్చియు మాటలాడెను. సీనాయి కొండమీద ఉరుములలో దిగివచ్చిన దేవుడే గట్టు తగవులను కూడ పట్టించుకొనెను. గనుక మందిరములో దేవుడు, పొలములో మన యిష్టము అని విడదీయుటకు మనకు చోటు లేదు.

నిర్గమకాండము 22వ అధ్యాయము ఆరవ వచనమును నిదానముగా చదువుడి. ఒకడు నిప్పు పెట్టెను. అది మొదట అంటుకొన్నది ముండ్లకంపకు. ఆ తరువాతనే పొరుగువాని పనలకును పైరుకును పాకెను. ముండ్లను కాల్చివేయుట ఆ నాటి రైతు కలుపు తీసికొను విధములలో ఒకటి. వానికి పొరుగువానిమీద పగ యున్నదని వాక్యము చెప్పలేదు. వాడు తన చేను బాగుచేసికొన దలచెనేమో. అయినను నిప్పు రాజేసినవాడే నష్టము అచ్చుకొనవలెనని దేవుడు తీర్పు చెప్పెను. “నేను కావాలని చేయలేదు” అనునది అచ్చట చెల్లలేదు. “గాలి తీసికొనిపోయినది” అనునదియు చెల్లలేదు.

ఈ దినములలో మన పొలములలో ముండ్లకు నిప్పు పెట్టుట తగ్గి, కలుపుమందు కొట్టుట పెరిగినది. దానిని మేము పాపమని చెప్పుటలేదు. కలుపు తీయుటకు కూలీలు దొరకుట కష్టమైనది. మన పడుచువారనేకులు బ్రతుకుతెరువుకై దూరపు పట్టణములకు పోయియున్నారు. అయితే మందును నిప్పు వంటిదే. టెక్కలి వైపు వంశధార కాలువ క్రింది వరి మడిలో వెడల్పాకు కలుపును చంపుటకు కొట్టు 2,4-డి మందు వరిని బ్రతుకనిచ్చును గాని, గట్టు అవతలనున్న వంగ, టమాట, ఆనప పాదు, మినుము వంటివానిని విడిచిపెట్టదు. కొద్ది తుంపర పడినను లేత ఆకులు దొప్పలవలె ముడుచుకొని, కాడలు మెలితిరిగి, పూత రాలిపోవును.

ఉద్దానమువారికి ఈ మాట మరింత బరువైనది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు తాతలనాటి కొబ్బరి చెట్లును జీడిమామిడి తోటలును నేలకొరిగినవి. కాపునకు రావలెనంటే కొబ్బరి మొక్కకు ఏండ్లు పట్టును. అట్టి లేత మొక్కను పొరుగువాని అజాగ్రత్త ఒక పూటలో వాడగొట్టినయెడల పోవునది ఒక మొక్క మాత్రము కాదు. ఒక కుటుంబము కనిపెట్టుకొనియున్న సంవత్సరములు పోవును.

కాబట్టి మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటిది: కీడు జరుగకమునుపే కాపుదల.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ యున్నది. ఎవడును ఇంకను పడలేదు. అయినను గోడ ముందే కట్టవలెను. మందు కొట్టువాడు కట్టవలసిన పిట్టగోడ యేది? గాలి తెలిసికొనుటయే. మన తీరమున పొద్దెక్కిన తరువాత సముద్రపు గాలి నేలమీదికి వీచును. ఆ వేళ కొట్టిన తుంపర పడమటివాని చేనికి పోవును. అయితే గాలి బొత్తిగా కదలని మంచు తెల్లవారుజాము మంచిదని తలంచుట పొరపాటు. అప్పుడు సన్నని తుంపర నేలకు దిగక పొగవలె తేలి, మెల్లగా దూరము పోవును. నిలకడగా మెల్లని గాలి యుండి, అది పొరుగు పైరుకు ఎదురువైపు వీచు వేళయే తగిన వేళ.

తుంపర యెంత సన్ననిదో అంత దూరము పోవును. గనుక పురుగుమందు కొట్టు సన్న తుంపర నాజిల్ విడిచి, కలుపుమందునకు పెద్ద చుక్కలు పడు నాజిల్ వాడుడి. దానిని నేలకు దగ్గరగా పట్టుడి. దానికి గొడుగు వంటి తొడుగు తగిలించుడి. 2,4-డి లోనే ఎస్టర్ రకము ఎండవేడికి ఆవిరియై, కొట్టిన తరువాత కూడ లేచిపోవును; దాని లవణ రకములకు ఆ గుణము చాల తక్కువ. కొనునప్పుడు డబ్బా మీది మాటలు చదివించుకొనుడి. కలుపుమందు కొట్టిన ట్యాంకుతోనే కూరపాదులకు పురుగుమందు కొట్టినయెడల మన చేతితో మన పాదులనే చంపుకొందుము. ఆ ట్యాంకును చెరువులోను బావి దగ్గరను కడుగవద్దు. గట్టు ప్రక్క కొంత మేర మందు లేక విడిచి, అచ్చట చేతితో కలుపు తీయుడి. అన్నిటికంటె ముందుగా, “రేపు ఉదయమున మందు కొట్టుచున్నాము” అని పొరుగువానికి చెప్పుడి. ఆ మాటకు ఖర్చు లేదు.

ట్యాంకు మోయు కూలివాడును మన పొరుగువాడే. వానికి తొడుగులును ముఖమునకు గుడ్డయు ఇయ్యక పంపువాడు, పిట్టగోడ లేని మిద్దెమీదికి వానిని ఎక్కించినవాడే. పారాక్వాట్ అను మందు కడుపులోనికి పోయినయెడల దానికి విరుగుడు లేదని మరువకుడి.

రెండవది: కీడు జరిగిన తరువాత పరిహారము.

అయిదవ వచనము నష్టపరచినవాడు తన పొలములోని మంచిదానినుండి ఇయ్యవలెనని విధించుచున్నది. తాలుగింజలు కొలిచి ఇచ్చుట పరిహారము కాదు. జక్కయ్య కూడ “ప్రభువా, క్షమించుము” అని ఊరకుండలేదు. తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను (లూకా 19:8).

పరిహారము ఆలస్యమైన కొలది గాయము ముదురును. కేరళ దేశపు కాసరగోడు ప్రాంతమున ప్రభుత్వ సంస్థకు చెందిన జీడి తోటలపై తేయాకు దోమను చంపుటకు ఎండోసల్ఫాన్ అను పురుగుమందును 1970ల చివరి భాగము మొదలుకొని 2000 వరకు హెలికాప్టరుతో చల్లిరి. ఆ తోటల నడుమను అంచులను జనులు కాపురముండిరి, వారి బావులుండెను. వ్యాధులును అంగవైకల్యములును గూర్చి మొరలు బయలుదేరెను. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతట నిలిపివేసెను. బాధితులకు అయిదేసి లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2017 జనవరిలో ఆజ్ఞాపించెను. చల్లుట ఆగిన పదునారేండ్లకు పైగా గడచిన తరువాత వచ్చిన ఆజ్ఞ అది! జీడిమీద బ్రతుకు మనము ఆ సంగతి వినియు విననట్లుండరాదు. న్యాయస్థానము చెప్పువరకు క్రైస్తవుడు కనిపెట్టుకొనియుండనక్కరలేదు. సూర్యుడు అస్తమింపకమునుపే పొరుగువాని గట్టుకు పోవచ్చును.

మూడవది: నష్టపోయినవాని ధర్మము.

నష్టపోయినవానికిని ప్రభువు ఒక ఆజ్ఞ ఇచ్చియున్నాడు. మత్తయి 18:15 ప్రకారము మొదట ఒంటరిగా పోయి మాటలాడవలెను. రచ్చబండ దగ్గరకు కాదు, పోలీసు ఠాణాకు కాదు, మొదట వానియొద్దకే. “తమ్ముడూ, నిందవేయుటకు రాలేదు. మా వంగ మొక్కల ఆకులు ముడుచుకొన్నవి. ఒకసారి వచ్చి చూడు” అనుడి. అతడు వినకున్నయెడల ఇద్దరు పెద్దలను తోడుకొని పోవుడి. వ్యవసాయశాఖవారిని పిలిచి చూపించుడి. ఆకు ముడుత తెగులువలనను రావచ్చును గనుక నిజము తేలకుండ నేరము మోపకుడి.

ఈ సందర్భమున ఒక మాట. మన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి అనేక గృహములలో దీపములార్పినది. దాని కారణమును వైద్య పండితులు యెంతో పరిశోధించినను, ఇదియే కారణమని ఇంకను తేల్చలేదు. “ఫలానివాని మందువలననే మావానికి వచ్చినది” అని చెప్పుట అబద్ధ సాక్ష్యము కాగలదు. అయితే కారణము తెలియనప్పుడు నీటిని, గాలిని మరింత జాగ్రత్తగా కాపాడుట జ్ఞానము.

కోపము ఎంతవరకు పోవునో చూడుడి. 2016 అక్టోబరులో అమెరికాలోని ఆర్కాన్సా, మిస్సోరి రాష్ట్రముల సరిహద్దున, డైకాంబా అను కలుపుమందు తన పైరుమీదికి కొట్టుకొని వచ్చినదను తగవులో ఒక రైతు తుపాకితో కాల్చబడి చనిపోయెను. కాల్చినవానికి 2017లో శిక్ష పడెను. ఒక కుటుంబము తండ్రిని పోగొట్టుకొనెను. వేరొకడు చెరసాల పాలాయెను. మొదటి నరహత్య జరిగినదియు పొలములోనే కదా (ఆదికాండము 4:8). కయీనును దేవుడు అడిగిన ప్రశ్న నేటికిని గట్లమీద వినబడుచునే యున్నది.

ప్రియులారా, “నా చేను, నా మందు” అని మనము చెప్పుదుము. చేను మనదే కావచ్చును. గాలి మాత్రము దేవునిది. ఆయన దానికి హద్దురాయి నాటలేదు. హద్దు మన హృదయములో నాటగోరుచున్నాడు. ప్రేమ పొరుగువానికి కీడు చేయదని అపొస్తలుడు రోమా సంఘమునకు వ్రాసెను (రోమా 13:10). మన సంఘములలో ఈ నెల ఒక్కొక్క కాపు తన నాలుగు గట్ల పొరుగువారితో, వారు ఏ కులమువారైనను ఏ మతమువారైనను, మందు కొట్టు దినమును గూర్చి మాటలాడి ఒడంబడిక చేసికొనవలెనని బతిమాలుచున్నాము. పాత నష్టము ఏదైన బాకీ యున్నయెడల, బల్లయొద్దకు వచ్చుటకు ముందు తీర్చుకొందము.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా చేతిలోని నిప్పును, మందును, మాటను అదుపులో ఉంచుకొను జ్ఞానము మాకు దయచేయుము. మేము చేసిన నష్టమును మంచిదానితో తీర్చు మనస్సును, మాకు జరిగిన నష్టమును సాత్వికముతో తెలుపు ధైర్యమును అనుగ్రహించుము. మా పొరుగువాని పైరును మా పైరువలె దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.