దుష్టుని నోట సత్యము

దుష్టుడు పలికినంతమాత్రమున సత్యము అసత్యమగునా? ఈ ప్రశ్న శాస్త్రగ్రంథములయందే గాక, కాలక్షేపమునకు చూచు చలనచిత్రములయందును మనకు ఎదురగుచుండును.

అలిస్టర్ మెక్లీన్ అను స్కాట్లండు రచయిత 1962లో ఇయాన్ స్టూవర్ట్ అను మారుపేరుతో ‘ది సేటన్ బగ్’ అను నవలను ప్రకటించెను. జాన్ స్టర్జెస్ దానిని 1965లో చలనచిత్రముగా తీసెను. నవలలో ఇంగ్లండుననున్న పరిశోధనాలయము చిత్రమున కాలిఫోర్నియా ఎడారికి మారినది. అచ్చట రహస్యముగా తయారైన, లోకమునెల్ల నశింపజేయగల విషక్రిమి సీసాతో సహా దొంగిలింపబడును. దొంగిలించినవాడు ఆ పరిశోధనాలయము లేకుండ పోవలెనని బెదిరించును. తుదకు హెలికాప్టరులో పెనుగులాట జరిగి ప్రతినాయకుడు నశించును. సీసా పగులక నాయకునికి దక్కును. ప్రేక్షకుడు ‘గండము గడచినది’ అని ఇంటికి పోవును.

నిజముగా గడచినదా? దొంగ పోయెను గాని, ఆ విషమును పుట్టించిన విద్య పోలేదు. సీసాను దొంగిలించిన చేయి పాపిష్ఠిదైనచో, దానిని నింపిన చేయి పుణ్యాత్మురాలిదా? విషమును నిలువచేయరాదన్న మాట ఆ కథలో దుర్మార్గుని బెదిరింపుగానే వినవచ్చినది. అందువలన వానితోపాటు ఆ మాటయు నేల గూలినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. ఊరిని చంపెదనని బెదిరించువాని కోరికను మన్నించిన, రేపు మరియొకడు మరియొక సీసాతో రాడా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. బెదిరింపునకు లొంగరాదు. విషమును మాన్పుటకు విషమునే చేబట్టినవాడు తాను నిందించినదానికే దాసుడగును. అయినను, అతని మార్గము చెడ్డదగుటచే అతడు దోషియగును గాని, ఆ మాట దోషము కాజాలదు. బెదిరించువానిని పట్టుట ఒక ధర్మము. ఆ మాటను వేరుగా విచారించుట మరియొక ధర్మము.

ఆ విచారణ లోకమున జరిగినది. 1969 నవంబరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తమ దేశము క్రిమి ఆయుధములను విడనాడుచున్నదని ప్రకటించెను. వాని తయారీని, నిలువను నిషేధించు అంతర్జాతీయ ఒడంబడిక 1972లో సంతకములకు వచ్చి, 1975లో అమలైనది. రసాయనాయుధములను నిషేధించు ఒడంబడిక 1997లో అమలునకు వచ్చినది. అమెరికా తాను ప్రకటించిన రసాయన నిలువలలో కడపటిదానిని 2023 జూలైలో ధ్వంసము చేసెను. ఒడంబడికలు వ్రాసినంతనే లోభము, భయము నశింపవు. కావున జాగరూకత ఎల్లప్పుడు వలయును.

సీసా చేత చిక్కుట కథకు ముగింపు కావచ్చును. సీసాను ఖాళీచేసి, మరల నింపకుండుటయే ధర్మమునకు ముగింపు.