మేకపిల్ల వంతు

గృహస్థు ఋణాలతో జన్మిస్తాడని మన పెద్దలు చెప్పారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడింటిని ఆస్తికులందరూ ఎరుగుదురు. గృహస్థునకు విధింపబడిన పంచ మహాయజ్ఞాలలో భూతయజ్ఞం కూడా ఒకటి. నోరులేని ప్రాణులకు వాటి భాగం పెట్టిన పిమ్మటనే తాను భుజించవలెనని దీని తాత్పర్యం. కాకికి ఒక ముద్ద, చీమలకు చిటికెడు పిండి వేసి ఈ యజ్ఞం ముగిసినదనుకోవడం సులభం. కాని ఏ ప్రాణి పాలతో మన పిల్లలు పెరుగుతున్నారో, ఏ ప్రాణి వల్ల మన ఇల్లు గడుస్తున్నదో, ఆ ప్రాణికి మనం పడిన ఋణం ఎంత? అది ఏ విధంగా తీరుతుంది? ఇది విచారింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న తెల్లాపూర్ వంటి చోట మరింత సూటిగా ఎదురవుతుంది. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉన్న ఈ పల్లె 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత వేగం పుంజుకొన్న నగరం గచ్చిబౌలి, నల్లగండ్ల దాటి ఈ ఊరి చెలకల మీదికి వచ్చినది. ఆకాశాన్నంటే భవనాల నడుమ మిగిలిన ఎకరం చెలకలో నాలుగు పాడిమేకలు, పదిహేను కోళ్లు పెట్టుకొన్న ఒక కుటుంబాన్ని మనస్సులో ఊహించుకొందాం.

వారి దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. గంప ఎత్తి కోళ్లను విడవాలి. గుప్పెడు నూకలు చల్లాలి. కొట్టం ఊడ్చి పెంటికలను ఎరువుగుంతలో వేయాలి. మేకల పొదుగు కడిగి పాలు పితకాలి. అవిసె రెమ్మలు, సుబాబుల్ కొమ్మలు కోసి కట్టాలి; ఎండాకాలంలో తుమ్మకాయలు ఏరి తేవాలి. వానలకు ముందు చిటుక రోగానికి టీకా వేయించాలి. కోళ్లకు కొక్కెర తెగులు రాకుండా చూసుకోవాలి. పొద్దుగూకేసరికి అన్నింటినీ లెక్కపెట్టి లోపలికి తోలాలి. ఇంటిల్లిపాదీ ఊరికి పోవడమన్నది వారికి లేదు. తమకంటె ముందు పశువు కడుపు చూడడం ఒక నియమంగా సాగే జీవితమిది. భూతయజ్ఞం ఇక్కడ మంత్రం లేకుండానే జరుగుతున్నదని చెప్పవచ్చును.

అయితే అసలు పరీక్ష మేక ఈనిన నాడు వస్తుంది. ఈనిన గంటలోపలనే పిల్లకు ముర్రుపాలు అందాలి. రోగాలను తట్టుకొనే శక్తి దానికి ఆ పాలవల్లనే వస్తుంది. ఆవు, మేక, గేదె ఈనిన పది రోజుల వరకు వాటి పాలు త్రాగరాదని గౌతమ ధర్మసూత్రం శాసించినది. అక్కడ చెప్పిన కారణం సూతకం కావచ్చును. ఫలం మాత్రం పిల్ల పక్షాన ఉన్నది. ఆ పది రోజులు గడచిన తరువాత కూడా రెండు కిలోల పిల్లకు రోజుకు రమారమి ఐదవవంతు లీటరు పాలు కావాలి; పెరిగినకొద్దీ ఇంకా కావాలి. మేకకు చన్నులు రెండే. ఒకటి పిల్లకు విడిచి మరొకటి పితుక్కొనేవాడు తన వంతు తీసుకొన్నవాడు. రెండూ పితికేవాడు పిల్ల వంతు కూడా తీసుకొన్నవాడు.

మహాత్మాగాంధీ జీవితంలోని ఒక ఘట్టం ఇక్కడ స్మరింపదగినది. పశువులను పితికేవారు పెట్టే హింసను గురించి తెలిసి ఆయన 1912లో పాలు విడిచిపెట్టారు. 1918లో తీవ్రంగా జబ్బుపడినప్పుడు పాలు లేనిదే కోలుకోవడం కష్టమని వైద్యులన్నారు. వ్రతం పట్టేనాడు మీ మనస్సులో ఉన్నవి ఆవు, గేదెలే కదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూర్బా అడిగారు. ఆయన అంగీకరించారు. కాని వ్రతం అక్షరం నిలిచినదే తప్ప ఆత్మ నిలవలేదని తరువాత తన ఆత్మకథలో స్వయంగా వ్రాసుకొన్నారు. మేక చిన్నదైనంత మాత్రాన ఋణం చిన్నది కాదని ఆయన ఎరుగుదురు.

ఇక అందరూ దాటవేసే లెక్క ఒకటున్నది. మేక ఈనితేనే పాలు. మన దక్కను మేక ఈతకు రెండు పిల్లలను ఈనడం సాధారణం. నాలుగు మేకలు ఏడాదికి ఒక ఈత చొప్పున ఈనితే ఎనిమిది పిల్లలు. అందులో సుమారు నాలుగు పోతుపిల్లలు. అయిదేళ్లకు ఇరవై. మేక పన్నెండేళ్లు దాటి బతుకగలదు. ఎకరం చెలక ఇన్నింటిని పోషించలేదు. కనుక పోతుపిల్ల కసాయివాని చేతికి పోతుంది. తులసికోటకు మ్రొక్కి, మాంసం ముట్టని ఇల్లు కూడా ఆ పాలు త్రాగినంత మాత్రాన ఆ బేరంలో భాగస్వామి అవుతున్నది. కోడి విషయమూ ఇంతే. గుడ్డు ముట్టని వైష్ణవ గృహమైనా కోళ్లను సాకి గుడ్లు అమ్ముతున్నదంటే, రెండు మూడేళ్లకు గుడ్లు తగ్గిన పెట్ట ఏమి కావాలన్న ప్రశ్న దానికి తప్పదు. గుడ్ల కోళ్ల హేచరీలలో మగపిల్లలను పుట్టిన నాడే చంపడం లోకమంతటా ఉన్నది. జర్మనీ దేశం 2022 నుంచి దానిని నిషేధించినది. ధర్మసూక్ష్మం మనకే సొంతమనుకోరాదు.

మరి పాలు మానివేయుటే మార్గమా? భాగవతం నవమ స్కంధంలో యయాతి మహారాజు దేవయానికి ఒక మేకపోతు కథ చెబుతాడు. అది నూతిలో పడిన ఆడుమేకను కొమ్ములతో గట్టు త్రవ్వి పైకి తెస్తుంది. పిమ్మట అనేక మేకలతో కూడి భోగాలలో తన్ను తాను మరచిపోతుంది. ఆ పోతును తానేనని రాజు ఒప్పుకొంటాడు. భోగంతో కోరిక తీరదు, హద్దుతోనే తీరుతుందని ఆ కథ సారం. పాడి రైతుకూ, పాలు త్రాగేవారికీ వర్తించే నీతి ఇదే.

ఆ హద్దు ఆచరణసాధ్యమే. నాలుగు మేకలకు బదులు రెండు చాలుననుకోవచ్చు. ఈతకు ఈతకు నడుమ వ్యవధి పెంచవచ్చు. పోతుపిల్లకు విత్తులు కొట్టించి ఎరువు కోసం ఉంచుకోవచ్చు. గుడ్లు ఉడిగిన పెట్టను పురుగులేరుకొంటూ తిరగనీయవచ్చు. వీటివల్ల పాలు తగ్గుతాయి, రాబడి తగ్గుతుంది. ఆ నష్టాన్ని పేద రైతు ఒక్కడే భరించవలెననడం ధర్మం కాదు. అతనిని నిందించే అధికారం పాలు త్రాగే మనకు లేదు. పోతుపిల్ల మేతకయ్యే ఖర్చును పాల వెలలో కలిపి ఇవ్వడానికి కొనే గృహస్థు సిద్ధపడాలి. ధర కోసం రైతుతో బేరమాడే ముందు ఆ ఇంటి పోతుపిల్ల ఏమయినదని ఒక్కమాట అడగాలి. చవకగా వచ్చిన పాలలో ఎవరి వంతు కలిసి ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

సకల భూతాలలో అంతర్యామియై ఉన్న శ్రీమన్నారాయణుడు మేకపిల్లలోనూ ఉన్నాడని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకానికి ప్రమాణం దేవుని ముందు పెట్టిన పాలగిన్నె ఒక్కటే కాదు. కొట్టంలో పిల్లకు విడిచిన పాలు కూడా.